రెండు వందల ఉత్తరాలు, ఒక సంతకం

ఆ వానాకాలం మా ఇంట్లో ఒక సబ్బు ముక్కతో మొదలైంది.

సబ్బు అరిగి అరిగి రేకులా మిగిలినప్పుడు నేను దాన్ని కొత్త సబ్బు వీపుకి అతికిస్తాను. రెండూ తడిపి, గట్టిగా నొక్కి, ఒక పూట వదిలేస్తే చాలు. మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు. ఏదైనా పారేయడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఆ రోజు నేను అతికించిన రేకు పొరపాటున మా వదినది. వదినంటే మా ఆయన అక్క. పదకొండేళ్ళుగా మాతోనే ఉంటోంది. వీధివైపు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ సబ్బు వేరు, సబ్బుపెట్టె వేరు, తువ్వాలు ఆరేసే తీగ కూడా వేరు.

"నా సబ్బేదీ?" అంది స్నానాలగది తలుపు సందులోంచి.

"దీనికి అతికించాను వదినా."

"దేనికి?"

"అందరి సబ్బుకి."

లోపల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత పావుగంట సేపు నాకు జరిగిన సన్మానం వీధిలో పోయేవాళ్ళు కూడా నిలబడి విన్నారు. ఒకరి సబ్బు ఇంకొకరికి అంటగట్టడం ఏ కాలేజీలో నేర్పారని అడిగింది. డిగ్రీలో సబ్బుల మీద పాఠం లేదని చెప్పాను. మా అత్తయ్య హాల్లో కూర్చుని, ఒళ్ళు కడిగే సబ్బుకి కూడా మడీ దడీ ఏమిటే అంది. అన్న వెంటనే నాలిక కరుచుకుని, నా వైపు ఓరగా చూసి, చేతిలో ఉన్న పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంది. పేపరు తలకిందులుగా ఉంది. మా ఆయన ఇదేమీ వినబడనట్టు బూట్లకి పాలిష్ పెడుతున్నారు. ఆ బూట్లకి ఆయన పాలిష్ పెట్టడం ఆ పొద్దున అది రెండోసారి.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. వదినకి హెచ్‌ఐవి ఉంది. వదిన భర్త చనిపోయిన ఏడాదే రక్తపరీక్షలో తేలింది. రోజుకొక మాత్ర, పొద్దున ఎనిమిదింటికి. మానకుండా వేసుకుంటే రక్తంలో ఆ వైరస్ పరీక్షకి కూడా దొరకనంతగా అణిగి ఉంటుందనీ, సబ్బుల వల్లా తువ్వాళ్ళ వల్లా ఎవరికీ ఏమీ రాదనీ డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ తీగ ఆవిడదే.

ఈ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి, ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబెట్టి చెప్పింది. తమ్ముడికి తెలిస్తే తట్టుకోలేడు, అమ్మకి తెలిస్తే బతకదు, నీకొక్కదానికే చెబుతున్నాను అంది. ఆ మాట మీద నేను పదేళ్ళు నిలబడ్డాను. అవి బలం మాత్రలని ఇంట్లో ప్రచారం చేసింది కూడా నేనే. ఎవరికి ఏ మందు రాసిచ్చినా తనకీ ఒకటి కావాలని చెయ్యి చాపే అత్తయ్య, ఈ బలం మాత్ర మాత్రం ఒక్కనాడూ అడగలేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

సబ్బు గొడవైన మూడో రోజు, గురువారం, వదినా నేనూ దారపు ఉండలు కొనే నెపంతో మందులకి వెళ్ళాం. పెద్దాసుపత్రి వెనక, జనరేటరు పక్కన, బోర్డు లేని గది అది. బోర్డు లేకపోవడమే దాని గుర్తు. ఆ రోజు తలుపు మీద కాగితం అంటించి ఉంది. దాతల సహాయం నిలిచిపోయినందున మందులు ఈ నెలాఖరు వరకు మాత్రమే, అని. వాక్యానికి క్రియ లేదు. అలవాటుకొద్దీ పెన్ను తీసి 'ఉంటాయి' అని చేర్చబోయాను. అంత మాట ఇవ్వడానికి నేనెవర్ని అనిపించి పెన్ను మూసేశాను.

లోపల సిస్టరు ముప్ఫై మాత్రల డబ్బాకి బదులు ఇరవై మాత్రలు కాగితం పొట్లంలో కట్టి ఇచ్చింది. అందరికీ సర్దుతున్నానంది. డబ్బు పంపే విదేశీ సంస్థ చేతులెత్తేసిందట. పైనుంచి వేరే ఏర్పాటు జరిగేసరికి ఆరు నెలలు పడుతుందట. మధ్యలో మానేస్తే ఏమవుతుందని అడిగింది వదిన, తెలిసి కూడా. మానేస్తే అణిగినది లేస్తుంది, లేచినది ఈసారి ఇదే మాత్రకి లొంగుతుందన్న నమ్మకం లేదు అని సిస్టరు చెప్పింది. బజార్లో కొనే స్తోమత ఇక్కడికి వచ్చేవాళ్ళలో ఎవరికీ లేదు, మాకూ లేదు.

దారి ఒకటుందని ఆవిడే చెప్పింది. మునిసిపాలిటీకి ఆపత్కాల నిధి అని ఉంది. వరదలకీ అగ్నిప్రమాదాలకీ వాడతారు. ఊళ్ళోవాళ్ళు రెండు వందల మంది విడివిడిగా ఉత్తరాలు రాస్తే ఏ విషయాన్నయినా అత్యవసరంగా సమావేశంలో పెట్టి తీరాలి. వచ్చే మంగళవారం కాక ఆ పై మంగళవారం సమావేశం. ఉత్తరాలు అంతకు ముందు శనివారం సాయంత్రంలోగా అందాలి. ఇప్పటికే ఒక నమూనా అచ్చువేయించి నూట అరవై సంతకాలు పెట్టించి ఇచ్చిందట. అన్నీ కలిపి ఒకటే అన్నారట. ఎవరి మాటల్లో వారు రాయాలి, ఒకేలా ఉంటే ఒకటి కిందే లెక్క అని మూడో నిబంధన చూపించారట.

"ఎవరన్నారు?" అన్నాను.

"అక్కడ ఉత్తరాలు తీసుకునే గుమాస్తా ఉన్నాడులెండి. మహా ఛాందసుడు. ముక్కు మీద కళ్ళజోడు, చేతిలో రూళ్ళకర్ర."

వదిన పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. నేనూ చూశాను. ఆ గుమాస్తా పొద్దున నేను కట్టిచ్చిన అన్నం డబ్బా తీసుకుని ఆఫీసుకి వెళ్ళాడు.

*

బళ్ళు తెరిచే రోజులు కావడంతో వదిన గది జాతరలా ఉంది. నీలం లాగూలు ఒక గుట్ట, తెల్ల చొక్కాలు ఒక గుట్ట. ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. ఉత్తరం ఇచ్చినవాళ్ళకే యూనిఫారం. కుట్టుకూలి ముందే ఇచ్చేశామని ఎవరైనా అంటే, కూలి లాగూకి, ఉత్తరం కాజాలకి అనేది.

ఊళ్ళో ఎవరెవరికో మందులు ఆగిపోతున్నాయట అని మొదలుపెట్టేది. మనకేం అనుకోవద్దు, ఇవాళ వాళ్ళవి ఆపినవాళ్ళు రేపు మీ చక్కెర మాత్రలు ఆపుతారు అని ముగించేది. ఆ 'ఎవరెవరికో' అనేటప్పుడు ఆవిడ గొంతులో పలికే జాలి చూసి నాకే నమ్మబుద్ధయ్యేది.

కత్తిరింపు బల్ల వెనక నేను కూర్చునేదాన్ని. వచ్చినవాళ్ళని కాసేపు మాట్లాడించి, వాళ్ళ ధోరణి పట్టుకుని ఉత్తరం రాస్తే, వాళ్ళు తమ చేత్తో ఎత్తిరాసుకునేవారు. ఇందులో నాకు రహస్యంగా చాలా ఆనందం ఉందని ఒప్పుకోవాలి. పెళ్ళయ్యాక నేను రాసింది పాలవాడి చీటీలు తప్ప ఇంకేమీ లేదు. మంగలి చేత, సగం గీసిన గడ్డంతో మనిషిని కుర్చీలోంచి లేపి పంపము, మందు మధ్యలో ఆపడం కూడా అటువంటిదే అని రాయించాను. కారు నేర్పే ఆయన చేత, బండి వాలు మీద ఉన్నప్పుడు బ్రేకు పీకేసి ఆరు నెలల్లో కొత్తది వేస్తామనడం సబబు కాదని రాయించాను. రిటైరైన హెడ్మాస్టరుగారొకాయన నేను రాసిచ్చింది ఎర్రసిరాతో దిద్ది, పదికి ఏడు వేసి, మార్జిను వదలలేదని చెప్పి, తనే వేరేది రాసుకున్నారు. ఆ ఏడు నన్ను మూడు రోజులు తిండి తిననివ్వలేదు.

అందరూ అంత సులువుగా రాయలేదు. పెద్దబడి మేనేజరమ్మ మూడు వందల జతల కోసం వచ్చింది. వదిన సంపాదనలో సగం ఆవిడ బడిదే. ఉత్తరం సంగతి విని, ఆ జబ్బు వాళ్ళకా అంది. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత, మన ఊరి నిధి మన పిల్లల కోసం ఉండాలి గాని అంది. పైగా నవ్వుతూ, ఆ తిరుగుళ్ళవాళ్ళు కుట్టిన బట్టలు మన పిల్లలు తొడుక్కుంటే ఊరుకుంటామా చెప్పు అని వదిననే అడిగింది.

వదిన నోట్లో గుండుసూదులు ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి మెత్త మీద గుచ్చింది.

"మీ జతలన్నీ సిద్ధం. తీసుకెళ్ళండి," అంది. ఆ గదిలోంచి ఉత్తరం లేకుండా బయటికి వెళ్ళిన బట్టలు అవే.

ఆ మధ్యాహ్నమే అత్తయ్య వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, తనకీ ఒక ఉత్తరం రాసిపెట్టమంది. తన చిన్ననాటి స్నేహితురాలి కూతురికి ఆ జబ్బట. పాపం కుట్టుపని చేసుకుని బతుకుతోందట. నోరు మంచిది కాదుగాని మనసు మంచిదట.

"ఏ స్నేహితురాలు అత్తయ్యా?"

"నీకు తెలీదులే. బాగా దగ్గరి మనిషి. వదినకి చెప్పకు, బెంబేలు పడుతుంది. వాడికి అసలే చెప్పకు."

సరేనన్నాను. కాగితం మీద వంచిన తల ఎత్తకుండా రాశాను. ఈ దేశపు ఖజానాకి నేను పుట్టినప్పటి నుంచి పన్ను కడుతున్నాను, బదులుగా ఏనాడూ ఏదీ అడగలేదు, ఇప్పుడు ఒక్కటి అడుగుతున్నాను అని రాసి చదివి వినిపించాను. 'అడుగుతున్నాను' తీసేసి 'చెబుతున్నాను' అని వేయమంది. వేశాను. ఆవిడ సంతకం పెట్టడానికి కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది. కళ్ళజోడు మీద ఏమీ లేదు.

*

శుక్రవారం సాయంత్రానికి నా లెక్క ప్రకారం నూట తొంభై అయ్యాయి. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పి, టీ తాగుతూ హాల్లో కూర్చున్నారు. వదిన పక్కన ఒక చొక్కాకి గుండీలు కుడుతోంది. అత్తయ్య కూరలు తరుగుతోంది.

ఊళ్ళో జనానికి ఉన్నట్టుండి భాష వచ్చింది అన్నారు ఆయన, ఎవరితోనూ కాకుండా. మందుల విషయమై రోజూ పాతికకి తక్కువ కాకుండా ఉత్తరాలు వస్తున్నాయనీ, మంగలివాడి ఉత్తరం చదివి ఆఫీసంతా చప్పట్లు కొట్టిందనీ చెప్పారు. నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోకుండా చపాతీ పిండి తడుముకున్నాను.

"ఒకటే ఇబ్బంది," అన్నారు. "అరవై ఒక్క ఉత్తరాల్లో 'తమకు తెలియని విషయం కాదు' అని ఉంది. మంగలీ అదే అంటాడు, డ్రైవరూ అదే అంటాడు. మా సూపరింటెండెంటు ఆ అరవై ఒకటీ ఒకటి కింద కట్టేద్దామంటున్నాడు. రేపు సాయంత్రం దాకా గడువుంది కదా, ఆగమన్నాను."

వదిన సూది ఆగిపోయింది.

"ఇచ్చినవాళ్ళు వచ్చి వెనక్కి తీసుకుని, మార్చి రాసి, మళ్ళీ ఇవ్వొచ్చు. నిబంధనల్లో ఉంది. పదహారోది. సాధారణంగా ఎవరూ అంతదాకా చదవరు." టీ ఒక గుక్క తాగారు. "రాసే మనిషెవరో గాని, ఆ మాట ఒక్కటి మానుకుంటే బాగుండు."

"అలవాటైన మాటేమో," అన్నాను పిండి వైపు చూస్తూ.

"అలవాటే. పెళ్ళైన కొత్తలో నాకొచ్చిన ఉత్తరాల్లో కూడా ఉండేది."

అని, ఖాళీ కప్పు నా పక్కన పెట్టి, రేపటి చొక్కాకి కాలరు దగ్గర గుండీ ఊడిందని చెప్పి లోపలికి వెళ్ళారు. అత్తయ్య తరిగిన కూరే మళ్ళీ తరుగుతోంది. వదిన నా వైపు చూసింది. నేను పిండి మీద మూత పెట్టాను.

శనివారం మా వీధి పరుగులు పెట్టింది. అరవై ఒక్క మందినీ పట్టుకోవాలి, తక్కువైన పదీ రాయించాలి. వదిన గొడుగేసుకుని తూర్పువైపు, నేను పడమటివైపు. మంగలి, సగం గీసిన గడ్డంతో మనిషిని కుర్చీలోనే వదిలేసి మునిసిపాలిటీకి పరిగెత్తాడు. ఆ మనిషి సబ్బు నురగతోనే వెనక పరిగెత్తాడట. కారు నేర్పే ఆయన, నేర్చుకుంటున్న పిల్లదాని చేతే ఆఫీసు దాకా బండి నడిపించి, గేటు స్తంభానికి ఒక గీత బహుమానంగా ఇచ్చి వచ్చాడు. కిటికీ అవతల మా ఆయన అరవై ఒక్క ఉత్తరాలూ వెతికి తీసిచ్చి, అరవై ఒకటీ మళ్ళీ తీసుకుని, ప్రతిదానికీ ముద్ర వేసి, ఏ ఒక్కరితోనూ ఒక్క మాట ఎక్కువ మాట్లాడకుండా, అయిదున్నరకి కిటికీ మూసేశారట.

*

మంగళవారం పొద్దున ఇంట్లో అందరికీ పనులు పడ్డాయి. వదినకి దారపు ఉండలు అయిపోయాయి. నాకు పన్ను నొప్పి. అత్తయ్య చిన్ననాటి స్నేహితురాలికి జ్వరం. ఒకరి వెనక ఒకరం, పావుగంట ఎడంగా బయల్దేరాం.

సమావేశపు హాల్లో జనం కూర్చునే వైపు నాలుగు వరసల బెంచీలున్నాయి. నేను చివరి వరసలో మూల చోటు చూసుకున్నాను. నా ముందు వరసలో ఎవరో గొడుగు విప్పి అడ్డంగా పట్టుకుని కూర్చున్నారు. హాల్లో వాన కురవడం లేదు. గొడుగు కింద అత్తయ్య చెప్పులు కనబడ్డాయి. వాటి పట్టీ నేనే కుట్టాను. స్తంభం వెనకనుంచి కొలతల టేపు చివర వేలాడుతోంది. వదిన అది మెడలోంచి తీయడం మరచిపోయి వచ్చింది.

రోడ్ల మీద గుంటల సంగతీ, కుక్కల సంగతీ అయ్యాక మందుల విషయం వచ్చింది. ఒక సభ్యుడు లేచి, ఈ ఉత్తరాలన్నీ ఎవరో ఒకరే కూర్చుని రాసినట్టున్నాయి, లెక్క సరిగ్గా చూశారా అన్నాడు. ఉత్తరాలు తీసుకున్న గుమాస్తాని పిలిచారు. మా ఆయన నేను కుట్టిన గుండీ చొక్కాతో వచ్చి నిలబడ్డారు.

"రెండు వందల పదకొండు," అన్నారు. "అన్నీ నేను చదివాను. రెండేసిసార్లు. ఏ రెండూ ఒకటి కావు. ఎవరి మాటల్లో వారే రాశారు."

ఆ మనిషి ఆఫీసులో అబద్ధమాడటం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు కూడా అది అబద్ధమో నిజమో నాకు తేలలేదు. కాగితం మడిచి తల ఎత్తేసరికి ఎదురుగా ఒక టేపు, ఒక గొడుగు, ఒక పన్ను నొప్పి కనబడ్డాయి ఆయనకి. చదవవలసిన తర్వాతి విషయం ఏమిటో మరచిపోయి, సూపరింటెండెంటు మోచేత్తో పొడిస్తే గాని కదల్లేదు.

నిధి ఇవ్వాలనే తీర్మానం నెగ్గింది. ఆరు నెలలకి. చేతులు లేపినవాళ్ళని లెక్కపెడుతుంటే, అత్తయ్య కూడా గొడుగు కింద చెయ్యి లేపింది. కాకపోతే, ఇందాకటి సభ్యుడు ఒక షరతు పెట్టించాడు. మందు సరిగ్గా అందుతోందని నెలనెలా సంతకం పెట్టడానికి, మందు వాడేవాళ్ళలోంచి ఒకరు ఉండాలి. వారి పేరు, తండ్రి పేరు, చిరునామా మునిసిపాలిటీ గోడ మీద బోర్డులో రాయాలి. ప్రజల సొమ్ము కదా, ప్రజలకి తెలియాలి అన్నాడు. ఆ సంతకం పడ్డాకే మొదటి సరుకు గోదాములోంచి కదులుతుంది.

బయట వాన జోరుగా ఉంది. వసారాలో నలుగురం నిలబడ్డాం.

"నీకెవరు చెప్పారు?" అన్నారు ఆయన నాతో.

"వదిన. మీకు?"

"అక్కే. నీకు చెప్పొద్దంది. తెలిస్తే పుట్టింటికి వెళ్ళిపోతావంది."

నేను వదిన వైపు తిరిగేలోగా అత్తయ్య అందుకుంది. అందరికంటే ముందు చెప్పింది తనకేనంది. కాదు, ఆసుపత్రి మెట్ల మీదే నాతో చెప్పింది అన్నారు ఆయన. ఆ మెట్లెక్కేముందు నేను కొంగు పట్టుకుని ఏడ్చిన సంగతి నీకేం తెలుసురా అంది అత్తయ్య. తారీఖులతో సహా వాదించుకుని చివరికి అత్తయ్యే గెలిచింది. నాది మూడో స్థానం. పదేళ్ళు ఒక్కదాన్నే మోశాననుకున్న మూటకి మరో రెండు భుజాలున్నాయని తెలిసి నాకు సంతోషించాలో అలగాలో తెలియలేదు.

"ఒక్కరికే చెబుతున్నానన్నావు కదా వదినా," అన్నాను.

"ఒక్కొక్కరికే చెప్పాను," అంది వదిన. "ముగ్గుర్నీ కూర్చోబెట్టి ఎప్పుడైనా చెప్పానా?"

*

నూట నలభై మంది మందు తీసుకునేవాళ్ళున్నారు. శనివారం దాకా సంతకానికి ఒక్కరూ ముందుకు రాలేదు. సిస్టరు ఒక్కొక్కరినీ అడిగింది. ఒకరికి పెళ్ళి కావలసిన చెల్లెలుంది. ఒకరిది అద్దె ఇల్లు. ఒకరు వంటలు చేసుకుని బతుకుతారు. ఎవరిదీ అబద్ధం కాదు. మా ఆయన, పేరుకి బదులు ఒక అంకె వేసుకోవచ్చా అని రాసి అడిగారు. అంకెకి తండ్రి ఎవరని సూపరింటెండెంటు తిరిగి రాశాడు. సరుకు గోదాములో సీలు వేసి కూర్చుంది. దాన్ని రోజూ చూసి వస్తున్నానని ఆయన చెప్పారు, అదేదో ఆసుపత్రిలో ఉన్న చుట్టమైనట్టు.

వదిన మిషను మాత్రం మామూలుకంటే వేగంగా తిరిగింది. శుక్రవారం మేనేజరమ్మ మళ్ళీ వచ్చి చలికాలపు కోట్లకి మూడు వందల కొలతలు ఇచ్చి వెళ్ళింది. వదిన వాటిని పుస్తకంలో అతికించి, ఒక్కదానికీ గుడ్డ కత్తిరించలేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. పొద్దున మాత్ర వేసుకున్నాక పొట్లంలో మూడు మిగిలాయని నాకు తెలుసు, ఆయనకి తెలుసు, అత్తయ్యకి తెలుసు. ఇప్పుడు ఒకరికి తెలుసని మరొకరికీ తెలుసు కాబట్టి ఆ భోజనం మరీ ఇరుగ్గా ఉంది. ఇదివరకు హాయిగా ఎవరి దిగులు వాళ్ళు పడేవాళ్ళం.

నేను రెండు రోజులుగా ఆలోచించిన మాట అప్పుడు అనేశాను. ఆ సంతకం నేను పెడతాను, బోర్డు మీద నా పేరు రాయించండి అన్నాను. నాకు కొట్టు లేదు, కొలతలు తెచ్చే మేనేజరమ్మలు లేరు, పోయేదేముంది. రెండు వందల మంది మాటలు రాశాను, ఇంకొకరి మాట రాయలేనా.

మా ఆయన ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. అది తప్పుడు వాంగ్మూలమవుతుంది, రూలు ఒప్పుకోదు, ఉద్యోగం కూడా పోవచ్చు అంటారని, ఎదురు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఫారం నా సంచిలోనే ఉంది," అన్నారు. "తిన్నాక నింపుదాం."

"దాని పేరెందుకురా, పడుచుది. నా పేరు రాయి," అంది అత్తయ్య. "ఈ వయసులో నన్నెవడు అడుగుతాడు, ఎలా వచ్చిందని?"

వదినకి పొలమారింది. నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, మా ముగ్గురినీ వరసగా చూసింది.

"నా జబ్బు కూడా మీరే పడతారా?" అంది. "ఇదిగో మరదలా, ఉత్తరాలు రాశావు, చాలు. తమ్ముడూ, ఆ ఫారం తే. రేపు పదిన్నరకి నేనే వచ్చి సంతకం పెడతాను. నా పేరు, నాన్న పేరు, ఈ ఇంటి నంబరు."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మా ఆయన లేచి, ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని, ఎడం చేత్తో సంచి వెతకసాగారు.

"మీ నాన్న పేరు కూడా రాస్తారా బోర్డు మీద?" అంది అత్తయ్య కాసేపటికి.

"రాయాలమ్మా."

"అయితే పెద్దక్షరాలతో రాయించరా. ఆయనకి బోర్డు మీద పేరు చూసుకోవాలని మహా సరదా ఉండేది."

"మేనేజరమ్మ?" అన్నాను నేను. అనకుండా ఉండవలసింది.

"ఆ కొలతలు రేపు సాయంత్రం తిరిగి పంపిస్తాను. కుట్టించుకోవాలనిపిస్తే ఆవిడే మళ్ళీ తెస్తుంది," అంది వదిన. కూర గిన్నె తన వైపు లాక్కుని, అడుగుదాకా వడ్డించుకుంది. "కొట్టు రేపు మధ్యాహ్నం తెరుస్తాను. వచ్చేవాళ్ళు వస్తారు."